కుర్చీ చేసిన నేరం

తాళ్లగుంటలో నేరం జరిగిన చోటికి పోలీసులు వెళ్లేసరికి మనుషులు పారిపోయి ఉంటారు. వస్తువులు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ఈ రెండో సంగతిని ప్రభుత్వం చాలాకాలం పట్టించుకోలేదు. పట్టించుకున్న ఏడాదే ఆస్తుల ప్రవర్తన చట్టం వచ్చింది.

చట్టం చిన్నదే. నేరానికి ఉపయోగపడిన వస్తువే నేరస్థుడు. దాన్ని పట్టుకోవచ్చు, ఉంచుకోవచ్చు, విచారించి ప్రభుత్వపరం చేయవచ్చు. యజమాని తప్పు చేశాడని ఎవరూ అనరు కనుక తాను నిర్దోషినని అతను నిరూపించుకోవలసిన పని లేదు. నిరూపించుకునే వీలూ లేదు. పట్టుకున్న వస్తువు పట్టుకున్న శాఖకే ఉపయోగపడాలని చివర్లో ఒక వాక్యం ఉంది. మిగతా వాక్యాల మాట ఎలా ఉన్నా, ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం ప్రతి స్టేషనూ భక్తిగా చదివింది.

దాంతో తాళ్లగుంట స్టేషను ఆవరణ తిరునాళ్లలా తయారైంది. ఒక మూల పిండి రుబ్బే గ్రైండరు ఉంది. అది రుబ్బిన పిండితో వేసిన బజ్జీలను సారా తాగేవాళ్లు నంజుకున్నారు. దాని పక్కన పెళ్లి పందిరి గుంజలు. ఆ పందిరి కింద పెళ్లికొడుకు బాబాయి పేకాడాడు. వేపచెట్టుకు గొలుసు వేసి కట్టిన మోటారు సైకిలు ఏం చేసిందో స్టేషన్లో ఎవరికీ గుర్తు లేదు. ఆ సంగతి అది కూడా అడగలేదు.

బస్టాండు ఎదురుగా కోటిలింగం క్షౌరశాల. అందులో ఒకటే కుర్చీ. ఇనుప పాదం, ఎర్ర రెక్సిన్, మీట తొక్కితే లేచే నడుము, తల వెనక్కి వాల్చుకోవడానికి చిన్న దిండు. దాన్ని కోటిలింగం తండ్రి లక్ష్మయ్య తెచ్చాడు. గుంటూరులో ఎవరో షాపు ఎత్తేస్తుంటే కొని, బస్సు టాపు మీద వేయించి, కింద సీటిచ్చినా కూర్చోకుండా తానూ టాపు మీదే వచ్చాడు. అంతకు ముందు లక్ష్మయ్య కత్తులూ కత్తెరలూ ఉన్న పొది చంకన పెట్టుకొని ఇంటింటికీ తిరిగేవాడు. పెద్దవాళ్లు పెరట్లో పీట మీద కూర్చుంటే తాను మట్టిలో గొంతుక్కూర్చొని గడ్డాలు గీసేవాడు. కుర్చీ వచ్చాక ఆయన ఎవరి పెరట్లోకీ పోలేదు. మొదట్లో కొందరు అలిగారు. గడ్డాలకు అలక తెలియదు కనుక కొన్నాళ్లకు వాళ్లే వచ్చారు.

ఆ శీతకాలంలో లక్ష్మయ్య పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడు కోటిలింగం షాపు తలుపులు తీశాడు. ఊరందరికీ క్రాపులు చేసే మనిషి తల మీద మాత్రం ఇంకా నూగు కూడా మొలవలేదు.

మొదటి గిరాకీ అంజిబాబు. గడ్డం చేయించుకుంటూ ఫోన్లో క్రికెట్ పందేలు కట్టించుకోవడం అతని వ్యాపారం. ఒక బుగ్గ పూర్తయింది. రెండో బుగ్గ మీద నురగ ఉండగా బయట జీపు ఆగిన చప్పుడైంది. అంజిబాబు మెడకు కట్టిన గుడ్డతో సహా వెనక సందులోంచి వెళ్లిపోయాడు.

ఎస్సై వల్లభరావు లోపలికి వచ్చి, పారిపోయింది ఎవరని అడిగాడు. కోటిలింగం అబద్ధమాడలేదు. వెళ్లింది అంజిబాబేననీ, ఇల్లు రైసుమిల్లు వెనకేననీ, ఒక బుగ్గ మిగిలింది కాబట్టి ఎటూ దూరం పోలేడనీ చెప్పాడు. ఎస్సై ఆ మాటలు వింటున్నట్టు లేదు. కుర్చీ చుట్టూ తిరిగి చూస్తున్నాడు. మీట తొక్కాడు. కుర్చీ లేచింది. ఇంకోసారి తొక్కాడు. ఇంకా లేచింది.

"మనిషిని పట్టుకుంటే తిండి పెట్టాల, కోర్టులకి తిప్పాల," అన్నాడు ఎస్సై, కానిస్టేబుల్‌తో పాఠం చెబుతున్నట్టు. "లాయరొస్తాడు, బెయిలొస్తది, చివరికి కేసు పోద్ది. ఇదైతే ఏమడగద్ది చెప్పు."

కానిస్టేబుళ్లు కుర్చీకి అటొకరు ఇటొకరు నిలబడి ఫొటో దిగారు. నేరం మొత్తం చూసింది కనుక గోడకున్న అద్దాన్ని ప్రత్యక్ష సాక్షిగా తీసుకున్నారు.

"నా తప్పేందో చెప్పండి సార్," అన్నాడు కోటిలింగం.

"నీ తప్పేం లేదయ్యా. అదే గదా చెప్తన్నా. నువ్వు పరమ నిర్దోషివి. నిబ్బరంగా ఇంటికి పో." ఎస్సై అతని చేయి పట్టుకొని ఊపాడు కూడా.

భార్య పున్నమ్మకు ఈ నిర్దోషిత్వం అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. తప్పు చేసినవాడు ఇంట్లో ఉన్నాడు, చేయనివాడి కుర్చీ జైల్లో ఉంది, అంతేనా అని అడిగింది. అంతేనన్నాడు కోటిలింగం.

"అయితే పోయి ఏదో ఒక తప్పు చేసి రా," అంది. "నిన్ను పట్టుకొని కుర్చీ వదిలేస్తారేమో."

మర్నాడు కోటిలింగం స్టేషనుకు వెళ్లాడు. కుర్చీ ఎస్సై గదిలో, ఫ్యాను కింద ఉంది. ఎస్సై అందులో వెనక్కి వాలి కళ్లు మూసుకొని ఉన్నాడు. ముద్దాయిని విచారిస్తున్నారనీ, మధ్యలో పోకూడదనీ కానిస్టేబుల్ ఆపాడు. విచారణ మధ్యాహ్నం దాకా సాగింది. లేచాక ఎస్సై చెంపలు తడుముకున్నాడు. ఎంత అధికారికైనా క్షౌరశాల కుర్చీలో కూర్చుంటే చేయి గడ్డం మీదికే పోతుంది. పొది తెచ్చావా అని కోటిలింగాన్ని అడిగాడు.

కుర్చీ కోసం వచ్చిన మనిషి కుర్చీ దగ్గర పని కాదనలేడు. కోటిలింగం షాపుకు పోయి పొది తెచ్చి గడ్డం గీశాడు. గీస్తున్నంతసేపూ ఎస్సై ఫోన్లో ఎవరితోనో రాత్రి దాటాల్సిన ఇసుక లారీల గురించి మాట్లాడాడు. క్షౌరం చేసేవాడి ముందు ఏం మాట్లాడినా పరవాలేదని మనవాళ్లకు ఎప్పటి నుంచో ఉన్న నమ్మకం. గడ్డం చేసేవాడికి చెవులు ఉండవు, చేతులే ఉంటాయి.

ఎస్సై నున్నని చెంపలు చూసి సర్కిల్ ఇన్‌స్పెక్టరుకు కేసు తీవ్రత అర్థమైంది. ఇలాంటి ముద్దాయిని సబ్ ఇన్‌స్పెక్టరు స్థాయిలో ఉంచడం ప్రమాదమని రాసి కుర్చీని తన ఆఫీసుకు తరలించాడు. ఆయన కూడా విచారించాడు. ఆ తర్వాత డీఎస్పీ విచారించాడు. ప్రతి చోటికీ కోటిలింగాన్ని పిలిచారు. డీఎస్పీ జుట్టుకు రంగు కూడా వేయించుకున్నాడు. విచారణ ఎంత లోతుగా జరిగినా కుర్చీ నోరు విప్పలేదని ప్రతి అధికారీ పై అధికారికి రాశాడు.

చివరికి కేసు ఆస్తి విచారణాధికారి పరాంకుశం గారి ముందుకు వచ్చింది. ఆయన సన్నగా, శుభ్రంగా, మాట తూకం వేసి మాట్లాడే మనిషి. చట్టం ప్రతి ముద్దాయికీ న్యాయం జరగాలంది కనుక, కుర్చీ తరఫున వాదించడానికి సుభాషిణి అనే యువ న్యాయవాదిని ప్రభుత్వ ఖర్చుతో నియమించారు. కోటిలింగానికి ప్రాణం లేచొచ్చింది. మనకు లాయరమ్మ వచ్చిందని పున్నమ్మకు ఫోన్ చేశాడు. తర్వాత వెళ్లి నమస్కారం పెట్టి కేసు ఎలా ఉందని అడిగాడు.

"నేను మీ లాయర్ని కాదండీ, కుర్చీ లాయర్ని," అంది సుభాషిణి. ఆ అమ్మాయికి కూడా అది చెప్పడం కష్టంగానే ఉంది. "నా క్లయింటు విషయాలు బయటివాళ్లతో మాట్లాడకూడదు."

కుర్చీని బోనులో పెట్టారు. హాజరు పిలిచారు. ఎవరూ పలకకపోయేసరికి బంట్రోతు దాని చేతిని ఒకసారి పైకెత్తి దించాడు. ఫలానా రోజున ఫలానా వ్యక్తిని తన మీద కూర్చోబెట్టుకొని, అతను పందేలు కట్టించుకుంటుండగా వారించక, పైగా తల ఆనించుకోవడానికి దిండు కూడా సమకూర్చిందని అభియోగం చదివారు. నేరం ఒప్పుకుంటున్నావా అని పరాంకుశం గారు అడిగారు. తొందరపెట్టలేదు. గోడ గడియారం వైపు చూస్తూ తగినంత వ్యవధి ఇచ్చారు.

"మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు," అన్నారాయన. "ఈ న్యాయస్థానం సగం అంగీకారంతో ఎవరినీ శిక్షించదు. చట్టప్రకారం రెండోసారి కూడా అడుగుతాం. రెండు సగాలు కలిస్తేనే పూర్తి అంగీకారం. తుది విచారణలో రెండోసారి అడగబడును."

సాక్షిని ప్రవేశపెట్టమన్నారు. అద్దాన్ని పట్టుకొచ్చి ఆయన ఎదుట నిలబెట్టారు. నీ ఎదుట నేరం చేసినవారెవరో చూపించమని అధికారి అడిగారు. అద్దం అధికారిగారినే చూపించింది. ఆయన కొంచెం పక్కకు జరిగి మళ్లీ అడిగారు. అద్దమూ అటే చూపించింది. సాక్షి ఎవరి ప్రోద్బలంతోనో ఎదురు తిరిగిందని నమోదు చేసి, దాని మొహం గోడకు తిప్పించారు.

రెండో సాక్షి అంజిబాబు. అతను ముద్దాయిగా రాలేదు, సమాచారం ఇచ్చిన పౌరుడిగా వచ్చాడు. తాను ఆ కుర్చీలోనే కూర్చొని పందేలు కట్టించుకున్నానని ధైర్యంగా వెల్లడించినందుకు చట్టం ప్రకారం అతనికి బహుమతి ఉంది. ఇలాంటి పౌరులు ఊరికి పదిమంది ఉండాలని పరాంకుశం గారు మెచ్చుకున్నారు. బయట వరండాలో అంజిబాబు కోటిలింగాన్ని పక్కకు పిలిచి, మనసులో ఏం పెట్టుకోవద్దన్నాడు.

"కోర్టు పని గదా బాబాయ్, తప్పదు. అవునూ, రెండు బుగ్గల డబ్బులూ ముందే ఇచ్చా, ఒక బుగ్గ నువ్వే బాకీ. గుర్తుందిగా?"

కోటిలింగానికి యజమానిగా మాట్లాడే హక్కు లేదు గాని, కుర్చీ గుణగణాల గురించి ఎరిగినవాళ్లెవరైనా చెప్పవచ్చునని సుభాషిణి ఒక దారి కనిపెట్టింది. వరండాలో బల్ల మీద కూర్చొని కాగితాలు తీసి, ఈ కుర్చీ గతంలో ఎప్పుడైనా మంచిగా ప్రవర్తించిన సందర్భం ఉందా అని అడిగింది. కోటిలింగానికి ఒక్కటే గుర్తొచ్చింది.

లక్ష్మయ్య ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ ఆ కుర్చీలో కూర్చోలేదు. అది గిరాకీల కుర్చీ అనేవాడు. మంచం పట్టాక ఒక పొద్దున కోటిలింగమే ఆయన్ని ఎత్తుకొచ్చి అందులో కూర్చోబెట్టి, దిండు సర్ది, గడ్డం గీశాడు. చెంపలు లోపలికి పోయి కత్తి ఆనే చోటు లేదు. వేలితో లోపలి నుంచి చెంపను ఆనించి గీయాల్సి వచ్చింది.

"మా నాయన ఒకసారి కూర్చున్నాడమ్మా," అన్నాడు.

"ఆయన ఏమైనా ఫిర్యాదు చేశారా?"

"లేదమ్మా. బాగుందన్నాడు."

సుభాషిణి అది రాసుకుంది. రాసుకున్నాక తల వెంటనే ఎత్తలేదు.

తుది విచారణ దాకా ముద్దాయి బాగోగులు చూడవలసిన బాధ్యత జిల్లా కార్యాలయానిదని తేల్చి, కుర్చీని అక్కడికి పంపారు. అక్కడి పెద్ద అధికారులకు క్షౌరశాలకు వెళ్లే తీరిక ఉండదు. కార్యాలయంలో ఒకరోజు, ఒకరి బంగళాలో ఒకరోజు, ఇంకొకరి బంగళాలో ఇంకొక రోజు కుర్చీ మకాం మారేది. పరాంకుశం గారి బంగళాకు కూడా వెళ్లింది. విచారించే అధికారి ముద్దాయిని దగ్గరగా పరిశీలించడం మంచిదేనని ఆయన రాసుకున్నారు. కుర్చీ ఎక్కడుంటే అక్కడికి కోటిలింగానికి కబురు వచ్చేది. పొది చంకన పెట్టుకొని వెళ్లి, వెనక వాకిలి దగ్గర పిలిచేదాకా నిలబడేవాడు.

ఒకరోజు సాయంత్రం పున్నమ్మ అన్నం పెడుతూ, "మీ నాయన మానుకున్న పని నువ్వు ఎత్తుకున్నావు," అంది. కోపంగా అనలేదు.

మర్నాడు ఆఫీసులో కూలి అడిగాడు. అడగడం మర్యాదగానే అడిగాడు గాని, కార్యాలయం గడగడలాడింది. ఆడిట్ అధికారి రంగంలోకి దిగాడు. విచారణలో ఉన్న ఆస్తిని వాడుకున్నందుకు బయటి వ్యక్తికి డబ్బు చెల్లిస్తే, ఆస్తిని వాడుకున్నట్టు ఒప్పుకున్నట్టే అవుతుంది. చెల్లించకపోతే వెట్టిచాకిరీ అవుతుంది. పని మానేస్తే అధికారులకు గడ్డాలు పెరుగుతాయి. మూడు రోజులు ఆలోచించి ఆయన ఒక పరిష్కారం కనిపెట్టాడు. కుర్చీని పట్టుకున్నది తన స్టేషనే కనుక దాన్ని ఎస్సై వల్లభరావే స్వయంగా చదివి వినిపించాడు.

"సదరు కుర్చీ స్వయముగా గడ్డము గీయజాలదు. గడ్డము గీయని యెడల అది క్షౌరశాల కుర్చీ అనిపించుకోజాలదు. కావున గడ్డము గీయు కోటిలింగము అను భాగము కుర్చీ నుండి విడదీయరానిదిగా పరిగణించి, మీట, దిండు, కాలిపలకలతో పాటు స్వాధీనపరచుకొనడమైనది. ఈ భాగమునకు వేరుగా కూలి చెల్లించనక్కరలేదు."

"అంటే నన్ను అరెస్టు చేశారా సార్?" అని అడిగాడు కోటిలింగం.

"ఎందుకు చేస్తామయ్యా? నువ్వేం తప్పు చేశావని?" అన్నాడు ఎస్సై నొచ్చుకున్నట్టు. "నువ్వు నిర్దోషివే. నీ మీద మాకేం అనుమానం లేదు. నువ్వు కుర్చీలో భాగానివి, అంతే."

కుర్చీ కాలికి తెల్ల రంగుతో ఒక నంబరు వేశారు. కోటిలింగం చొక్కాకు అదే నంబరు కుట్టారు. పొద్దున జిల్లా కార్యాలయం సామాన్ల గది తాళం తీసి ఇద్దరినీ బయటికి తెచ్చేవాళ్లు. సాయంత్రం దుమ్ము దులిపి లోపల పెట్టేవాళ్లు. దుమ్ము దులిపేది కోటిలింగమే.

పున్నమ్మ స్టేషనుకు వచ్చింది. మొగుణ్ని పంపించమంది. ఎస్సై ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాడు. స్వాధీనపరచుకున్న వస్తువు మీద హక్కు ఉందని యజమానులు రావడం తనకు కొత్త కాదన్నాడు. చట్టం ఒప్పుకోదన్నాడు.

"యజమానిని నేనా?" అంది పున్నమ్మ. "ఇన్నాళ్లూ ఆయనే ఇంటి యజమాని అనుకుంటన్నా. ముందే తెలిస్తే ఇంకాస్త పని చెప్పేదాన్ని గదయ్యా."

చివరికి ఒక వెసులుబాటు దొరికింది. ఆస్తి తుప్పు పట్టకుండా నూనె వేసే పద్దు ఒకటుంది. ఆ పద్దు కింద ఆమె రోజూ అతనికి అన్నం క్యారియరు తేవచ్చన్నారు. గోంగూర పచ్చడి తెచ్చిన రోజున నూనె ఎక్కువైందని ఆడిట్ అధికారి అభ్యంతరం రాశాడు.

తుది విచారణ రోజు వచ్చింది. ఆ రోజు పున్నమ్మ కోర్టు గదిలో చివరి బల్ల మీద కూర్చుంది. తీర్పు ఎలా వస్తుందో అందరికీ తెలుసు. కుర్చీ ప్రభుత్వపరమవుతుంది. భాగం కూడా దాంతోనే పోతుంది. జీవితాంతం బంగళాల వెనక వాకిళ్లే గతి. కోటిలింగం బోనులో కుర్చీ పక్కన, దాని చేతి మీద చేయి వేసి నిలబడ్డాడు. నూగుజుట్టు అంగుళం పెరిగింది. చెప్పులు విడిచి లోపలికి రమ్మంటే వచ్చాడు గాని, కుర్చీ చెప్పులు విడవడమేమిటని బంట్రోతుకే సందేహం వచ్చి మళ్లీ వేసుకోమన్నాడు.

పరాంకుశం గారు అభియోగం చదివించారు. మొదటి సగం అంగీకారం ముందే దాఖలైందని గుర్తుచేశారు.

"రెండోసారి అడుగుతున్నాం. నేరం ఒప్పుకుంటున్నావా?"

ఆయన గోడ గడియారం వైపు తిరిగారు. గుమస్తా పెన్ను తెరిచి పెట్టుకున్నాడు.

"లేదు సార్," అన్నాడు కోటిలింగం.

గడియారం వైపు చూస్తున్న అధికారి అటే చూస్తూ ఉండిపోయారు. ఎవరు మాట్లాడారని గుమస్తాను అడిగారు. ముద్దాయి అని గుమస్తా చెప్పాడు. ముద్దాయి ఎలా మాట్లాడుతుందని అడిగారు. గుమస్తాకు తెలియలేదు. అన్నేళ్లలో గ్రైండర్లూ గుంజలూ మోటారు సైకిళ్లూ ఎన్నో వచ్చాయి, ఏదీ ఇలా మర్యాద తప్పలేదు.

ఎస్సై లేచి, మాట్లాడింది కోటిలింగం అనీ, యజమానికి మాట్లాడే హక్కు లేదనీ గట్టిగా చెప్పాడు. సుభాషిణి నెమ్మదిగా లేచింది.

"ఆ పేరు గల వ్యక్తి ఎవరూ ఈ కేసులో లేరండీ," అంది. "అలా అని వారి ఉత్తర్వే ఉంది. మీట, దిండు, కాలిపలక, కోటిలింగం, అన్నీ కలిపి ఒకే ముద్దాయి. నా క్లయింటును మీరు ఒక ప్రశ్న అడిగారు. నా క్లయింటు జవాబు చెప్పింది."

పరాంకుశం గారు చట్టం తీసి మొదటి నుంచి చదివారు. ముద్దాయి పలకకపోతే ఏం చేయాలో అందులో వివరంగా ఉంది. పలికితే ఏం చేయాలో ఎవరూ రాయలేదు. ఆయన కళ్లజోడు తుడుచుకొని, ముద్దాయి చెప్పుకోవలసింది ఏమైనా ఉంటే చెప్పవచ్చన్నారు. ఆ మాట ఆ గదిలో మొదటిసారి వినబడింది.

కోటిలింగానికి పెద్దల ముందు మాట్లాడటం అలవాటు లేదు. గడ్డం గీసేటప్పుడు తల ఎటు వాల్చాలో చెప్పినంత మెల్లగా చెప్పాడు.

"నా మీద కూర్చున్నోడు ఎవడో, ఏం చేస్తాడో నేను అడగను సార్. అడిగితే సగం ఊరు నిలబడే గడ్డం చేయించుకోవాల. అయినా మీరు ఒప్పుకోమంటే ఒప్పుకుంటా. ఒప్పుకునేవాడు మొదటి నుంచి చెప్పాల గదా. నా మీద కూర్చొని తప్పు మాట్లాడింది అంజిబాబు ఒక్కడే కాదు సార్. ఎస్సైగారు కూర్చొని ఇసుక లారీలు..."

ఎస్సైకి దగ్గు వచ్చింది. చాలాసేపు తగ్గలేదు.

"ఎస్సైగారిది అయినాక సీఐగారిది చెప్తా. డీఎస్పీగారు రంగు వేయించుకుంటా ఏదో స్థలం సంగతి మాట్లాడారు. అది కొంచెం పెద్దది. తర్వాత..." కోటిలింగం ఒక్క క్షణం ఆగి పరాంకుశం గారి చెంపల వైపు చూశాడు. అవి అతను గీసిన చెంపలే. "వరసలో అందరివీ చెప్పాలా సార్, ఒక్క అంజిబాబుది చెప్తే చాలా?"

చివరి బల్ల మీద పున్నమ్మ క్యారియరు ఒళ్లో పెట్టుకొని, సినిమా మొదలయ్యే ముందు కూర్చున్నట్టు సర్దుకొని కూర్చుంది.

పరాంకుశం గారు టీ విరామం ప్రకటించారు. విరామం చాలాసేపు సాగింది. లోపలి గదిలో ఫోన్లు మోగిన చప్పుళ్లు వినబడ్డాయి. ఆయన తిరిగి వచ్చి తీర్పు చదివారు. ఆస్తి అనగా చెప్పుచేతల్లో ఉండునది. ప్రశ్నించినప్పుడు జవాబు ఇచ్చు ఆస్తిని భద్రపరచుటకు ప్రభుత్వ గిడ్డంగులలో సదుపాయము లేదు. మాట్లాడుట అనునది తయారీలోని లోపము. లోపము గల సరుకును ప్రభుత్వము స్వీకరించజాలదు గనుక, సదరు కుర్చీని అన్ని భాగములతో సహా స్వాధీనపరచుకొన్న చోటనే తిరిగి దింపవలెను.

కుర్చీని వ్యానులో ఎక్కించారు. కోటిలింగాన్ని కూడా ఎక్కించారు, అతను భాగం కనుక. పున్నమ్మ మాత్రం టిక్కెట్టు కొనుక్కొని బస్సులో వచ్చింది.

కొన్ని రోజులకు సుభాషిణి ఆఫీసు ముందు జనం పోగయ్యారు. బజ్జీల బండి ఆదెమ్మ, తాను గ్రైండరు రాయినని రాసిపెట్టమని అడిగింది. పెళ్లిపందిళ్ల సామాను అద్దెకిచ్చే మనిషి తానొక గుంజనన్నాడు. మోటారు సైకిలు ఆయన, తాను హారన్ అయితే బాగుంటుందేమో చూడమన్నాడు. ఆయనకు గొంతు పెద్దది. పై నుంచి ఒక సవరణ రాబోతున్నదని, వస్తువులను ఇకపై ఏమీ అడగకుండానే నిర్ణయం తీసుకుంటారని అప్పుడే చెప్పుకుంటున్నారు. అది వచ్చేలోగా రాయవలసినవన్నీ రాయాలని ఆ అమ్మాయి భోజనం కూడా మానేసి రాసింది.

ఆ హడావుడిలోనే ఒక మధ్యాహ్నం ఆమె బస్టాండు ఎదురుగా దిగింది. షాపులో జనం ఉన్నారు. బెంచీ మీద చోటు లేక ఇద్దరు గుమ్మంలో నిలబడ్డారు. తీర్పు కుర్చీని విడిచిపెట్టింది గాని, కోటిలింగం కుర్చీలో భాగమన్న ఉత్తర్వు అలాగే ఉందని ఆమె చెప్పింది. కాగితాల లెక్కలో అతను ఇంకా మనిషి కాదు. ఒక దరఖాస్తు పెడితే రద్దవుతుంది, తాను తయారు చేసి తెచ్చింది, ఇక్కడ ఒక సంతకం చేస్తే చాలు.

కోటిలింగం కత్తి తుడిచి పక్కన పెట్టి, చేతులు కడుక్కొని కాగితం తీసుకున్నాడు. చివరి దాకా చదివాడు.

"ఇది పెడితే మళ్లీ మనిషినవుతానా అమ్మా?"

"అవుతారండీ."

"రేపు మళ్లీ కుర్చీ ఎత్తుకుపోతే? అప్పుడు నన్నడుగుతారా?"

సుభాషిణి సంతకానికి తీసిన పెన్నుకు మూత పెట్టింది. చట్టం ఆమెకు కంఠతా వచ్చు.

"మనిషిగా ఉన్నన్నాళ్లు నన్ను ఎవరూ ఏం అడగలేదమ్మా," అన్నాడు కోటిలింగం. కాగితాన్ని మడత నలగకుండా ఆమె చేతికి తిరిగి ఇచ్చాడు. "ఆ సవరణేదో వచ్చిందాకా ఇట్టాగే ఉండనీ."

తర్వాత మీట తొక్కి కుర్చీ ఎత్తు సరిచేసి, తరువాతి వాళ్లను రమ్మన్నాడు.